వేళ్ళను మరచిన బోన్సాయ్ బోధన

బోన్సాయ్ పెంపకాన్ని గురించి తెలుగులో వచ్చే వ్యాసాలు, తోటపని తరగతులలో చెప్పే పాఠాలు సాధారణంగా కొమ్మతో మొదలవుతాయి. ఏ కొమ్మను ఉంచవలె, ఏ కొమ్మను తీయవలె, తీగను ఎటునుండి ఎటు చుట్టవలె, చెట్టు నిటారుగా నిలవవలెనా, కొండచరియ నుండి వ్రేలాడుతున్నట్లు ఉండవలెనా అన్న సంగతులన్నీ విస్తారంగా చెబుతారు. వేళ్ళ వంతు వచ్చేసరికి మాత్రం రెండు వాక్యాలతో సరిపెడతారు. మొక్కను కుండీనుండి తీయండి, మూడవవంతు వేళ్ళు కత్తిరించి తిరిగి నాటండి. ఏ మూడవవంతు? పైవా, క్రిందివా? లావువా, సన్ననివా? మూడవవంతే ఎందుకు? ఈ ప్రశ్నలకు అక్కడ సమాధానం దొరకదు. రోగిని చూడకుండానే వ్రాసి ఇచ్చిన మందుచీటీ వంటిది ఈ సలహా.

బోన్సాయ్ అన్న జపాను మాటకు పళ్ళెంలో నాటినది అని అర్థం. లోతులేని పళ్ళెంలో నిలిచిన చెట్టు ముసలి చెట్టులా కనిపించడానికి ముఖ్యకారణం దాని కొమ్మల వంపు కాదు. మొదలు దగ్గర నాలుగువైపులా నేలను పట్టుకొని పరచుకొన్న వేళ్ళు. జపానువారు ఈ వేళ్ళ అమరికకు నెబారి అని ప్రత్యేకంగా ఒక పేరే పెట్టుకొన్నారు. చెట్టును చూసేవారి కన్ను మొదట వాలేది అక్కడనే.

ఇక్కడ వరుస తారుమారు అయినదన్నదే అసలు ఆక్షేపణ. కొమ్మ తప్పుగా పెరిగితే కోసివేయవచ్చు, మరొక మొగ్గ వస్తుంది. రెండేళ్ళకో మూడేళ్ళకో తప్పు సర్దుకొంటుంది. మొదలు దగ్గర వేళ్ళలో ఉన్న తప్పు అట్లా కాదు. చెట్టుతోపాటు అదీ లావెక్కుతుంది. పెన్సిలంత కాండం ఉన్న మొక్కలో గోటితో గిల్లివేయదగిన వంకర వేరు, కాండం మణికట్టంత అయ్యేసరికి రంపానికి గాని లొంగదు. రంపం పెట్టిన చోట మిగిలిన గాయం ఏళ్ళ తరబడి మానదు. కనుక వేళ్ళను చూడడం మొదటి పాఠం కావలె. కొమ్మ దాని తరువాత.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలలో బోన్సాయ్ చేయదలచిన విద్యార్థికి మొక్క ఎక్కడినుండి వస్తుంది? ఇందుకోసమే ఏటేటా వేళ్ళు సవరించి పెంచిన మొక్కలు జపాను నర్సరీలలో ఉంటాయి గాని ఇక్కడ సులభంగా దొరకవు. ఇక్కడ దొరికేవి ముఖ్యంగా పాలిథిన్ కవరులో పెరిగిన నర్సరీ మొక్క, పాతగోడ సందునుండి పెరికి తెచ్చిన రావి లేదా మర్రి మొలక, ఇంట్లో గింజ నాటి మొలిపించిన చింత. మూడింటికీ వేళ్ళలో దోషం ఉంటుంది; కాని ఆ దోషం మూడింటిలోనూ ఒకటి కాదు. అన్నింటికీ ఒకే మూడవవంతు కత్తిరింపు చెప్పే బోధన ఈ తేడాను గమనించనే లేదు.

కవరు మొక్క సంగతి కొంత వివరంగా చూడవలె. 2015 జూలైలో ‘తెలంగాణకు హరితహారం’ ప్రారంభమైన తరువాత గ్రామగ్రామాన నర్సరీలు వెలిశాయి. నల్లటి పాలిథిన్ కవరులో మొలిచిన వేప, కానుగ, రావి, చింత మొక్కలు బడి పిల్లలకు సుపరిచితాలైనాయి. ఈ కవరు గోడ నున్నన. ప్రక్కకు ప్రాకే వేరు దానికి తగిలి, చొచ్చుకొని పోలేక, గోడ వెంబడి వంగుతుంది. గురుత్వం వల్ల క్రిందికి జారి అడుగున చేరుతుంది. అక్కడ దారి లేక చుట్టలు తిరుగుతుంది. తల్లివేరు అడుగును తాకి చేపల గాలంలాగా వంకరపోతుంది. చిన్న కవరు చాలడంలేదని మొక్కను చుట్టలు విప్పకుండానే పెద్ద కవరులోకి మార్చినప్పుడు సంగతి మరింత చెడుతుంది. పాత చుట్ట కాండానికి దగ్గరగా అట్లాగే మిగిలిపోతుంది, దాని చుట్టూ క్రొత్త వేళ్ళ పొర ఏర్పడుతుంది. పైనుండి చూసినా, ప్రక్కనుండి చూసినా ఈ లోపలి చుట్ట కనిపించదు. మట్టినంతా నీటితో కడిగితేనే బయటపడుతుంది.

పాతగోడల మీద, దిగుడుబావుల మెట్ల సందులలో మొలిచే రావి, మర్రి, జువ్వి మొక్కలది మరొక కథ. వీటి పండ్లు తిన్న పక్షుల రెట్టతో గింజలు అక్కడ పడతాయి. రాతి సందులో వేరుకు రెండే దిక్కులు. అందువల్ల అది నొక్కిన తాడులా బల్లపరుపుగా, తరచు ఒకే ప్రక్కకు పెరుగుతుంది. ఒకవైపు లావైన వేరు, రెండవవైపు బోడి కాండం. ఇటువంటి మొక్కలో మూడవవంతు వేళ్ళు కోయమంటే, ఉన్న ఒక్క వేరులోనే మూడవవంతు కోయవలె!

గింజనుండి వచ్చిన చింతలో దోషమని చెప్పదగినది నిజానికి దోషమే కాదు. చింతగింజ మొలకెత్తగానే తల్లివేరును సూటిగా లోతుకు దింపుతుంది; పైన నాలుగు ఆకులు రాకముందే క్రింద జానెడు వేరు ఉంటుంది. వానలు తక్కువైన నేలలో బ్రతుకవలసిన చెట్టుకు అది గొప్ప బలం. జగిత్యాల మామిడి రైతులకు ఈ విషయం పుస్తకం లేకుండానే తెలుసు. మామిడి టెంకను తోటలోనే నాటి, మొలచిన మొక్కమీద అక్కడనే అంటు కట్టితే తల్లివేరు చెడకుండా లోతుకు పోయి ఎండకు తట్టుకొంటుంది. ఆ వేరే మూడంగుళాల లోతున్న పళ్ళెంలో అడ్డంకి అవుతుంది. వేరులో మంచిచెడ్డలు వేరులో లేవు, దానిని పెట్టదలచిన చోటులో ఉన్నాయి. ఉపాధ్యాయులు తల్లివేరు పాఠం చెప్పేటప్పుడు ఈ రెండు ఉదాహరణలను ప్రక్కప్రక్కన పెట్టి చూపవచ్చు.

కాండాన్ని చుట్టిన వేరు చెట్టును ఎందుకు పాడుచేస్తుంది? ఆకులలో తయారైన చక్కెరలు బెరడును ఆనుకొని ఉన్న పోషక కణజాలం గుండా క్రిందికి, వేళ్ళకు చేరుతాయి. నీరు మాత్రం లోపలి దారువు గుండా పైకి పోతుంది. 17వ శతాబ్దంలో ఇటలీ శాస్త్రజ్ఞుడు మాల్పీఘీ కాండం మీద బెరడును ఉంగరంలాగా ఒలిచి, ఆ ఉంగరానికి పైభాగం ఉబ్బడం గమనించాడు. క్రిందికి దిగవలసిన ఆహారం అక్కడ ఆగిపోవడమే ఉబ్బుకు కారణం. చుట్టుకొన్న వేరు కూడ కత్తి లేకుండా ఇదే పని చేస్తుంది. ఏటేటా కాండం లావెక్కుతుంది, దానిని చుట్టిన వేరూ లావెక్కుతుంది. రెండింటి నడుమ పోషక కణజాలం నలుగుతుంది. క్రింది వేళ్ళకు తిండి తగ్గుతుంది. నీరు లోపలినుండి ఇంకా ఎక్కుతూనే ఉంటుంది గనుక ఆకులు చాలాకాలం పచ్చగానే కనిపిస్తాయి. తరువాత ఒక వేసవిలో చెట్టు హఠాత్తుగా వాడుతుంది. నీళ్ళు చాలలేదనో, పురుగు పట్టినదనో అనుకొంటారు.

ఈ సందర్భంలో విద్యార్థులు తరచు తాటిచెట్టును చుట్టుకొన్న మర్రిని ఉదాహరణగా చెబుతారు. ఆ పోలిక పూర్తిగా సరికాదు. తాటి ఏకదళబీజపు చెట్టు. దానిలో నాళికాపుంజాలు కాండమంతటా చెదరి ఉంటాయి, బెరడు క్రింద ఒక్క పొరగా ఉండవు. అందుచేత మర్రి కౌగిలిలో కూడ తాడి చాలా ఏళ్ళు నిలుస్తుంది; దానికి ఎక్కువ హాని జరిగేది పైన వెలుతురు, క్రింద నీరు మర్రి లాగుకొనడం వల్ల. ఇంకొక విశేషం. మర్రి, రావి, జువ్వి జాతులలో ఒకదానినొకటి ఒరుసుకొన్న వేళ్ళు కాలక్రమాన అతుక్కొనిపోతాయి. అందువల్ల వీటిలో వేరు చుట్టు ప్రాణం తీయడం కంటె అందాన్ని చెడగొట్టడమే ఎక్కువ. చింతకు, వేపకు ఈ సౌలభ్యం ఉన్నదనుకోరాదు.

ఇక కత్తిరింపు. వేరు కోయడం చెట్టుకు హింస అని ఒక వర్గం, ఎంత కోస్తే అంత మంచిదని మరొక వర్గం వాదిస్తాయి. రెండు వాదాలూ వేరు ఎట్లా పనిచేస్తుందో చూడకుండా చేసినవే. నీటిని ఎక్కువగా పీల్చేది లావైన వేరు కాదు. కొనకు కొంచెం వెనుక, మూలకేశాలు ఉన్న లేత భాగం. లావువేరు మోసుకొని పోయే గొట్టం, నిలబెట్టే ఊత, ఆహారం దాచుకొనే కొట్టు. వేరు కొన తెగినప్పుడు అక్కడినుండి ప్రక్కవేళ్ళను అణచి ఉంచే ప్రభావం తొలగుతుంది. కాండపు మొగ్గలనుండి, లేత ఆకులనుండి దిగివచ్చే ఆక్సిన్ కోతకు పైనున్న పరిచక్రంలో క్రొత్త ప్రక్కవేళ్ళను పుట్టిస్తుంది. ఒక లావువేరు కోస్తే దాని స్థానంలో పదిసన్నని వేళ్ళు రావడంలోని రహస్యం ఇదే. ఇందువల్ల కోయవలసినది లావుగా క్రిందికి దిగేది. కాపాడవలసినది కాండానికి దగ్గరలో సన్నగా, అడ్డంగా పరచుకొన్నది. చుట్టూ కొలతబెట్టి మూడవవంతు గొరిగితే పోయేది సరిగా ఈ సన్నని వేళ్ళే. లోపలి దోషం చెక్కుచెదరక మిగులుతుంది. అంటే ఆ సూత్రం పాటించినవాడు మేలు కోసి కీడు ఉంచుతున్నాడు.

వేళ్ళు కోసినప్పుడు ఆకులన్నీ దులిపివేయవలెనన్న సలహా కూడ ఇటువంటిదే. భాష్పోత్సేకం తగ్గుతుందన్నది నిజం. కాని క్రొత్త వేళ్ళకు కావలసిన చక్కెర ఎక్కడినుండి వస్తుంది? ఆక్సిన్ ఎక్కడినుండి వస్తుంది? కొమ్మల కొనలన్నీ, ఆకులన్నీ తీసివేసిన మొక్క దాచుకొన్న నిలువ మీదనే ఆధారపడవలె. నిలువ బాగా ఉన్న రావి, మర్రి దీనిని భరిస్తాయి; ఏడాది వయస్సు చింతమొక్క భరించలేకపోవచ్చు. పెద్ద ఆకులు కొన్ని తీసి, కొనమొగ్గలు ఉంచి, మొక్కను నీడలో, గాలి విసరని చోట పెట్టడం ఉత్తమం. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే ఆకులు తీయవలసిన అగత్యమే తగ్గుతుంది.

తేమ మాట వచ్చినది గనుక, ఈ బోధనలోని అతిపెద్ద లోపాన్ని చెప్పవలె. అది ఋతువుకు సంబంధించినది. చాలా పుస్తకాలు వసంతకాలం రాగానే, మొగ్గలు ఉబ్బుతుండగా వేళ్ళు కత్తిరించమంటాయి. జపానులో ఆ సలహా సరియైనదే. అక్కడ వసంతం తరువాత వచ్చేది చల్లని తేమ, ఆపైన జూన్ వానలు. కోసిన వేరు కోలుకొనడానికి మూడు నెలల అనుకూలకాలం దొరుకుతుంది. జగిత్యాలలో వసంతం తరువాత వచ్చేది ఏమిటి? మే నెలలో 45 డిగ్రీలు దాటే ఎండ, వడగాలి. ఫిబ్రవరి చివర, మార్చిలో వేళ్ళు కోసిన మొక్క, మూలకేశాలు పూర్తిగా ఏర్పడకముందే ఈ ఎండకు గురి అవుతుంది. పంచాంగంలో మాట ఒకటే, వాతావరణం వేరు. జపాను వసంతంలో ఉన్న గుణం ఇక్కడ మృగశిర కార్తె తరువాతి వానలలో ఉన్నది. రావి, మర్రి, జువ్వి, చింత వంటి ఉష్ణమండలపు చెట్లకు వెచ్చదనం, తేమ రెండూ కలిసివచ్చే జూన్ చివరినుండి ఆగస్టు వరకు ఉన్న కాలమే వేళ్ళ పనికి తగినది. నీడపందిరి, రోజుకు రెండుమూడుసార్లు నీళ్ళు చల్లే ఓపిక ఉన్నవారు ఫిబ్రవరిలో చేసినా నెట్టుకొని రావచ్చు. వేసవి సెలవులకు మూతపడే బడిలో అది సాగదు.

దోషాలను సవరించే పద్ధతులు మొక్కను బట్టి మారుతాయి. ముందుగా మొక్కను కవరునుండి తీసి, బక్కెట్టు నీటిలో ముంచి, వెదురుపుల్లతో మెల్లగా దువ్వుతూ మట్టినంతా కడగవలె. మొదలు కనిపించేవరకు కడగాలి. సగంలో ఆపితే పనికిరాదు. కాండం చుట్టూ తిరిగిన వేరు లేతదైతే విప్పి, విసనకర్రలా పరచి, సన్నని తీగ కొక్కేలతో అణచిపెట్టవచ్చు. ముదిరినదైతే, వంపు మొదలయ్యే చోటికి వెనుకనే కోయవలె, పదునైన కత్తితో, కోత ముఖం నేలవైపు ఉండేటట్లు. ఒకదానిపై ఒకటి ఎక్కిన వేళ్ళలో లావుదానిని తీసి సన్నదానిని ఉంచడం మంచిది. లావువేరు ఇంకా లావెక్కి అమరికనంతా చెడగొడుతుంది. ఒకే చోట గుత్తిగా వేళ్ళు పుట్టిన మొక్కను చాలామంది అదృష్టమనుకొంటారు. కాని అక్కడ కాండం ఉబ్బి, క్రింద లావు పైన సన్నం అన్న సహజక్రమం తప్పి గుమ్మడికాయలా కనిపిస్తుంది. అందులో రెండుమూడు ఉంచి తక్కినవి తొలి ఏడాదిలోనే తీయవలె. తల్లివేరు మాత్రమే ఉండి, ప్రక్కవేళ్ళు తక్కువైన మొక్కలో అంతా ఒక్కసారి కోయరాదు. రెండు మూడు వానాకాలాలలో కొంచెం కొంచెంగా పైకి కోస్తూ రావలె. మర్రి, రావి కోతనుండి పాలు కారితే భయపడనక్కరలేదు, నీటితో కడిగితే కొద్దిసేపటికి ఆగుతుంది.

చింతగింజలు నాటేవారికి ఇంకా సులభమైన ఉపాయం ఉన్నది. మొలక వేసి రెండుమూడు ఆకులు రాగానే తల్లివేరు కొన గిల్లి, మొక్క క్రింద అరచేతంత పెంకు ముక్క పెట్టి తిరిగి నాటవలె. క్రిందికి దారిలేని వేళ్ళు పెంకు మీదుగా నాలుగు ప్రక్కలకు పోతాయి. పదేళ్ళ తరువాత చేయవలసిన శస్త్రచికిత్సను ఈ పెంకు తప్పిస్తుంది.

మట్టి విషయంలో కూడ ఒక పొరపాటు ప్రచారంలో ఉన్నది. పళ్ళెం లోతు తక్కువ గనుక నీరు త్వరగా పోతుందని, అందుచేత నీటిని పట్టి ఉంచే చెరువుమట్టి లేదా రేగడి వేయవలెనని చెబుతారు. భౌతికశాస్త్రం దీనికి విరుద్ధంగా చెబుతున్నది. కేశనాళికీయత వల్ల ఏ మట్టిలోనైనా అడుగున కొంత ఎత్తువరకు నీరు దిగిపోకుండా నిలుస్తుంది. ఆ ఎత్తు మట్టి రేణువుల పరిమాణం మీద ఆధారపడుతుంది గాని కుండీ లోతు మీద కాదు. సిరిసిల్లలో మరమగ్గాల మధ్య పెరిగిన పిల్లలకు దీనిని ఒక తడి గుడ్డతో చూపవచ్చు. తడిపిన గుడ్డను అడ్డంగా చాచి పట్టుకొని నీరు కారడం ఆగేవరకు ఉంచి, అదే గుడ్డను నిలువుగా వ్రేలాడదీస్తే మళ్ళీ నీరు కారుతుంది. క్రింది అంచు మాత్రం చివరివరకు తడిగా ఉంటుంది. లోతైన కుండీలో ఆ తడి అంచు అడుగున ఎక్కడో ఉంటుంది. పళ్ళెంలో అదే మొత్తం మట్టి. రేగడి వేస్తే, కోసిన వేళ్ళకు గాలి అందక కుళ్ళు పడుతుంది. దుమ్ము జల్లెడపట్టి తీసివేసిన ముతక ఇసుక, ఇటుకముక్కల రవ్వ, కొద్దిగా మాగిన పశువుల ఎరువు కలిపిన మిశ్రమంలో క్రొత్త వేళ్ళు బాగా వస్తాయి. రోజూ నీళ్ళు పోయవలసి వస్తుంది. ఆ శ్రమ తప్పదు.

వేళ్ళు కోయడం ఆయుష్షును తగ్గిస్తుందన్న శంకకు ఒక్క చెట్టు చాలు. హిరోషిమాలో యమకి కుటుంబం పెంచిన తెల్లపైను 1625 నుండి బోన్సాయ్‌గా పెరుగుతున్నది. 1945 ఆగస్టు 6న పడిన అణుబాంబును కూడ తట్టుకొని నిలిచింది. 1976లో అమెరికాకు కానుకగా చేరి, వాషింగ్టన్ లోని జాతీయ వృక్షవనంలో ఉన్నది. దాదాపు 400 ఏళ్ళలో దాని వేళ్ళు ఎన్నిసార్లు కత్తిరింపు పొంది ఉండవలె! కత్తిరింపే దానిలో లేత వేళ్ళను నిలిపింది. చంపేది కత్తెర కాదు, అకాలంలో, చూడకుండా వేసిన కత్తెర.

ఇందులో బోన్సాయ్‌ని మించిన విషయం ఒకటి ఉన్నది. బడి ఆవరణలలో, బాటల వెంట నాటే మొక్కలు కూడ ఆ కవరులనుండి వచ్చినవే. నాటిన మొక్కలలో కనీసం 85 శాతం బ్రతుకవలెనని 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం సర్పంచిని, కార్యదర్శిని బాధ్యులను చేసింది. అది మెచ్చదగిన నియమం. కాని ఈ లెక్క పైనున్న పచ్చదనానిది. కవరును చింపకుండానో, అడుగు చుట్టను విప్పకుండానో నాటిన మొక్క కూడ మొదటి రెండు మూడేళ్ళు ఈ లెక్కలో బ్రతికిన మొక్కగానే చేరుతుంది. పదో ఏట గాలివానకు వేళ్ళతో సహా ఒరిగిపోయేనాటికి లెక్కలు మూసి ఉంటాయి. వేళ్ళు కడిగి చూసే అలవాటు పళ్ళెంలో మర్రిని పెంచే ఇద్దరు ముగ్గురికే పరిమితం కావలసిన పని లేదు. పొలాసలోను, సిరిసిల్లలోను వ్యవసాయ కళాశాలలు ఉన్నాయి. ఆ విద్యార్థులు ఒక ఉదయం చుట్టుప్రక్కల ఉన్నత పాఠశాలలో పది కవరులు విప్పి చూపితే, వేరు అంటే నల్లబల్ల మీద గీసిన నిలువుగీత కాదని పిల్లలకు తెలుస్తుంది.

దోషం ఇదివరకే ముదిరిపోయిన మొక్క చేతిలో ఉన్నవారు దానిని పారవేయనక్కరలేదు. మాల్పీఘీ ఉంగరమే ఇక్కడ చికిత్స అవుతుంది. చెడిన వేళ్ళకు పైన, క్రొత్త మొదలు కావలసిన చోట, అంగుళం వెడల్పున బెరడును ఉంగరంలా ఒలిచి, లోపలి జిగురుపొరను గీకివేయవలె. ఉంగరం పై అంచుకు ఇండోల్ బ్యూటిరిక్ ఆమ్లం పొడి అద్ది, తడిపిన కొబ్బరిపీచు కట్టి, పైన పాలిథిన్ చుట్టవలె. తోటమాలులు గాలి అంటు అనేది ఇదే. క్రిందికి దిగలేక ఆగిన చక్కెర, ఆక్సిన్ రెండూ ఆ అంచున చేరి చుట్టూ వేళ్ళు పుట్టిస్తాయి. వానాకాలంలో రావి, మర్రి జాతులకు సాధారణంగా నెల నుండి రెండు నెలలు పడుతుంది. పాలిథిన్ లోపల తెల్లని వేళ్ళు నిండుగా కనిపించి, కొనలు గోధుమరంగుకు తిరుగుతున్నప్పుడు, క్రింద రంపంతో కోసి, పాత వేళ్ళను వదిలివేసి, క్రొత్త మొక్కను పెంకు మీద నాటవలె. పీచును ఆ ఏడాది లాగి తీయరాదు; లేత వేళ్ళు దానితోపాటు ఊడివస్తాయి.